తమ శక్తిని తాము అంచనా వేసుకోవడంలో తప్పు ఎక్కడ జరుగుతోంది? సాయంకాలం బడి అనుభవం, సభ్యుల సలహా కోరుతూ

సాయంకాలం_బడి | శనివారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. నేను విశాఖ ద్వారకానగర్ దగ్గర ఒక చిన్న గదిలో, గ్రూప్ పరీక్షలకు సిద్ధమవుతున్న పిల్లలకు ఆరేళ్ళుగా సాయంకాలం పూట అర్థమెటిక్, రీజనింగ్, ఎకానమీ చెబుతున్నాను. ప్రతి ఆదివారం వంద మార్కులకు పరీక్ష పెడతాను. కిందటి ఏడాది నుంచి ఒక అలవాటు పెట్టాను. జవాబు పత్రం నా చేతికి ఇచ్చేముందు కుడివైపు పై మూలలో పెన్సిలుతో ఒక గడి గీసి, తనకు ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నారో ఎవరికి వారు అందులో వేయాలి. దిద్దిన తర్వాత అసలు మార్కులు నేను ఆ గడి పక్కనే ఎర్ర సిరాతో వేస్తాను.

ఆ రెండు అంకెలను పక్కపక్కన చూస్తున్నకొద్దీ నాకు కలత పెరుగుతోంది. కిందటి వారం ఒక అబ్బాయి గడిలో 71 వేశాడు, వచ్చినవి 34. కష్టపడని పిల్లవాడు కాడు. గ్రంథాలయం తలుపులు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుని చదువుకుంటాడు. పత్రం తిరిగి ఇచ్చినప్పుడు అతని ముఖంలో కనిపించినది సిగ్గు కాదు, నిజమైన ఆశ్చర్యం. అదే బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి మూడు వారాలుగా 55 దాటి వేయడం లేదు, ఆమెకు మూడుసార్లూ ఎనభైకి పైనే వచ్చాయి.

కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ 1999లో ప్రచురించిన అధ్యయనం గురించి మీలో చాలామంది వినే ఉంటారు. హాస్యం, తర్కం, ఆంగ్ల వ్యాకరణం అనే అంశాలలో విద్యార్థులకు పరీక్షలు పెట్టి, తోటివారిలో తమ స్థానం ఎక్కడ ఉంటుందో చెప్పమన్నారు. అట్టడుగు పావు భాగంలో ఉన్నవారు, వందమందిని వరుసలో నిలబెడితే తమ కింద 62 మంది ఉంటారని అనుకున్నారు. నిజానికి సగటున 12 మందే ఉన్నారు. ఒక పని సరిగా చేయడానికి ఏ తెలివి కావాలో, ఆ పని సరిగా జరిగిందో లేదో గుర్తించడానికీ అదే తెలివి కావాలి కాబట్టి, అది లేనివారికి రెండు విధాలా నష్టమని వారి వివరణ.

ఈ సంగతిని పిల్లలకు చదివి వినిపించాలా, వద్దా అన్నది నా సందేహం. వినిపిస్తే ఆ అబ్బాయి దాన్ని తనకు తగిలించిన పేరుగా తీసుకుంటాడేమోనని భయంగా ఉంది. వినిపించకపోతే, తన శక్తిని తాను సరిగా తూచుకోవడం ఎలాగో వారికి నేర్పే మార్గమేమిటి?

బీచ్_రోడ్డు_నడక | శనివారం, రాత్రి 10:25

మాష్టారూ, దీనికి పాశ్చాత్య పరిశోధన దాకా వెళ్ళనక్కరలేదు. నిండు కుండ తొణకదని, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. పిల్లలకు వినయం నేర్పండి, అంచనా దానంతట అదే దారిలో పడుతుంది.

గణాంకాల_మాష్టారు | ఆదివారం, ఉదయం 6:50

బీచ్_రోడ్డు_నడక గారికి నమస్కరిస్తూనే విభేదిస్తున్నాను. ఆ సామెతలు మనిషి నలుగురిలో ఎలా మాట్లాడతాడో చెబుతాయి. ఆ అబ్బాయి ఎవరి ముందూ గొప్పలు చెప్పలేదు. ఒక్కడే కూర్చుని, ఎవరూ చూడని గడిలో, తాను నమ్మిన అంకె వేశాడు. దాన్ని గర్వం అనడం అన్యాయం. వినయం నేర్పితే అతను వచ్చే వారం 50 వేస్తాడు, అయినా తనకు ఏది తెలియదో అతనికి తెలియకుండానే ఉంటుంది.

ఇక సాయంకాలం_బడి గారికి. నేను కళాశాలలో గణాంకశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఆ 1999 అధ్యయనాన్ని విద్యార్థులకు వినిపించేముందు దానిపై వచ్చిన అభ్యంతరాలను మీరు తెలుసుకోవాలి. అందులో రెండు ముఖ్యమైనవి.

మొదటిది. వందమంది వరుసలో కింది నుంచి అయిదో స్థానంలో ఉన్నవాడు తన స్థానాన్ని తప్పుగా ఊహిస్తే, ఆ తప్పు దాదాపు ఎప్పుడూ పైవైపే ఉంటుంది, ఎందుకంటే కిందవైపు తప్పడానికి చోటే లేదు. కింది నుంచి తొంభై అయిదో స్థానంలో ఉన్నవాడి తప్పు కిందవైపే పడుతుంది. అసలు మనుషులే లేకుండా, మార్కులకూ అంచనాలకూ లాటరీ తీసినట్టు అంకెలు పుట్టించి అదే పద్ధతిలో గీత గీసినా, కింది వారు అతిగా, పై వారు తక్కువగా అంచనా వేసుకున్నట్టు కనిపించే బొమ్మే వస్తుందని ఎడ్వర్డ్ నూఫర్, ఆయన సహచరులు 2016లోనూ 2017లోనూ చూపించారు.

రెండవది సగటు వైపు తిరుగుదల. ఒక పిల్లవాడి నిలకడైన శక్తి 50 మార్కుల దగ్గర ఉందనుకుందాం. ఒక ఆదివారం అతనికి రాని అధ్యాయం నుంచే ఎక్కువ ప్రశ్నలు పడి 34 వచ్చాయి. అతను మాత్రం తన మామూలు తీరును బట్టి 52 వేసుకున్నాడు. ఆ ఒక్క ఆదివారపు పత్రం చూసినవారికి అతను తన్ను తాను ఎరగనివాడిలా కనిపిస్తాడు. అడుగున ఉన్నవారిని మనం ఎంచుకున్నది ఆ పరీక్ష మార్కులతోనే కాబట్టి, ఆ రోజు అదృష్టం కలిసిరానివారంతా ఆ గుంపులోనే చేరతారు. 2020లో గిన్యాక్, జాయెన్‌కోవ్‌స్కీ అనే ఇద్దరు 929 మంది తెలివితేటల పరీక్షలను, వారి సొంత అంచనాలను ఇంతకన్నా జాగ్రత్తగల పద్ధతులతో పరిశీలించినప్పుడు, అడుగువారిలో ప్రత్యేకమైన లోపం ఉన్నట్టు చెప్పుకోదగ్గ ఆధారం వారికి దొరకలేదు.

కాబట్టి మీరు చేయవలసినది ఒకటుంది. ఒక ఆదివారపు మార్కులను బట్టి పిల్లలను నాలుగు భాగాలు చేయండి; అంచనాకూ మార్కులకూ మధ్య తేడాను మాత్రం ఆ మరుసటి ఆదివారపు పత్రాల నుంచి లెక్కించండి. అదృష్టం వల్ల వచ్చిన తేడా అలా చాలావరకు కరిగిపోతుంది. అప్పటికీ మిగిలినదే అసలు తేడా.

మరొక మాట. ఏమీ తెలియనివాడు శిఖరం మీద, కొంచెం తెలిసినవాడు లోయలో, పండితుడు మళ్ళీ వాలు మీద ఉన్నట్టు ఒక బొమ్మ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. ఆ బొమ్మ ఆ అధ్యయనంలో లేదు. అందులోని గీత ప్రకారం, అడుగున ఉన్నవారు తమను పైన ఉన్నవారికంటే గొప్పగా ఎన్నడూ ఊహించుకోలేదు. ఎదుటివాడి నోరు మూయించడానికి ఆ బొమ్మను వాడుతున్నవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

వెల్డింగ్_ఇన్‌స్పెక్టర్ | ఆదివారం, ఉదయం 11:15

నాకు గణాంకాలు తెలియవు గాని, ఈ సమస్య నాకు ముప్ఫై ఏళ్ళ పరిచయం. ఓడల మరమ్మతు యార్డుల్లోనూ, పైపులైను పనుల్లోనూ వెల్డింగు తనిఖీ చేసినవాణ్ణి. వెల్డు పైకి ఎంత అందంగా ఉన్నా, చేప పొలుసుల్లా వరుసగా పేర్చినట్టు ఉన్నా, లోపల ఏముందో కంటికి కనిపించదు. అందుకే ముఖ్యమైన జాయింట్లకు ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్మును వెలుగుపెట్టె మీద పరిస్తే, లోహం మందంగా ఉన్న చోటు తెల్లగా, లోపల ఖాళీ ఉన్న చోటు నల్లగా కనిపిస్తుంది. గాలి బుడగలు ఆవగింజల్లా చుక్కలుగా ఉంటాయి, ఇరుక్కున్న స్లాగు, అంటే వెల్డింగులో మిగిలే మడ్డి, చిరిగిన గీతలా ఉంటుంది, రూట్ దగ్గర, అంటే జాయింటు అడుగున, లోహం కలవకపోతే స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఒక నల్ల గీత పడుతుంది.

నేను గమనించినది చెబుతాను. రోజూ ఎక్స్‌రే అయ్యే పైపు జాయింట్లు కొట్టే వెల్డర్లు తమ పనిని ఫిల్ము రాకముందే చెప్పగలరు. "మూడో జాయింటులో ఆరు గంటల వైపు అనుమానంగా ఉంది సార్, అక్కడ ఆర్క్ ఒకసారి తెగింది" అంటారు. పైపు చుట్టుకొలతను మేము గడియారంతో పోల్చి చెప్పుకుంటాం. ఫిల్ము చూస్తే మచ్చ సరిగ్గా అక్కడే ఉంటుంది. దీనికి భిన్నంగా, రెండు పలకలు కలిసే మూలలో వేసే, కంటిచూపు తనిఖీతో సరిపోయే ఫిల్లెట్ వెల్డులే ఇరవై ఏళ్ళు కొట్టినవారిలో ధీమా నిండుగా ఉంటుంది. అటువంటివారిలో కొందరు పైపును నలభై అయిదు డిగ్రీల వాలులో బిగించి పెట్టే 6జీ పరీక్షకు నవ్వుతూ వచ్చి, అడుగున వేసే మొదటి వరుస అయిన రూట్ పాస్ లోనే తప్పడం నేను చూశాను. వారు చేతకానివారు కారు. ఇరవై ఏళ్ళలో వారి పని లోపలి భాగాన్ని వారికి ఎవరూ చూపించలేదు, అంతే.

ఇంకొక సంగతి. ఒక పనిలో ఫిల్ములు మరునాడే వచ్చేవి, ఇంకొక పనిలో మూడు వారాలకు వచ్చేవి. మూడు వారాల తర్వాత తప్పు చూపిస్తే, ఆ జాయింటు కొట్టినప్పుడు తన చెయ్యి ఎలా కదిలిందో వెల్డరుకు గుర్తుండదు, తలూపి వెళ్ళిపోతాడు. మాష్టారు పత్రాలు ఎన్నాళ్ళకు దిద్ది ఇస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

కంచరపాలెం_అక్క | ఆదివారం, మధ్యాహ్నం 3:05

వెల్డింగ్_ఇన్‌స్పెక్టర్ గారి మాట చదివాక నా మనసులో ఉన్నది రాయాలనిపించింది. మీ ఫిల్ము అబద్ధం చెప్పదు. అబద్ధం చెప్పే ఫిల్ము ఉంటే ఏమవుతుందో మా ఇంట్లో జరిగింది.

మా తమ్ముడు 2021లో ఒక ఫోను యాప్ ద్వారా ఆప్షన్ల ట్రేడింగ్, అంటే షేర్ల ధర ఎటు పోతుందోనని పందెం కాసినట్టుండే వ్యాపారం, మొదలుపెట్టాడు. మొదటి మూడు వారాలూ లాభమే. రాత్రి భోజనాల దగ్గర ఫోను కంచం పక్కన పెట్టుకుని, ఆకుపచ్చ అంకెలు అమ్మకు చూపించేవాడు. ఆ లాభాలు ఆ రోజుల్లో మార్కెట్టు మొత్తం ఎక్కుతున్నందువల్ల వచ్చినవని అతనికి తోచలేదు. తన చూపు పదునుకు అవి రుజువని నమ్మాడు. తర్వాత నష్టం వచ్చినప్పుడు మాత్రం అది వార్తల వల్ల, ఆపరేటర్ల వల్ల, నెట్ ఆగిపోయినందువల్ల వచ్చిందయింది. లాభం తన తెలివి, నష్టం బయటి కారణం. అమ్మ గాజులు బ్యాంకు తాకట్టులోకి వెళ్ళేవరకు ఆ లెక్క మారలేదు.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వారందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. నన్ను ఎక్కువ కదిలించినది మరొక అంకె. వరుసగా నష్టాలు చూసినవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా ట్రేడింగ్ ఆపలేదు. అమెరికాలో బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ 1991 నుంచి 1996 వరకు 66,465 కుటుంబాల ఖాతాలు పరిశీలించినప్పుడు, అన్నింటికంటె ఎక్కువగా కొని అమ్మినవారికి ఏడాదికి 11.4 శాతం మిగిలింది, మార్కెట్టు మాత్రం 17.9 శాతం ఇచ్చింది.

కాబట్టి ఫలితం కనిపిస్తే చాలు, మనిషి నేర్చుకుంటాడని నేను అనుకోవడం లేదు. అదృష్టం ఎక్కువగా కలిసే పనిలో ఫలితమే మనిషికి తప్పు పాఠం చెబుతుంది.

గాజువాక_షాపు | ఆదివారం, సాయంత్రం 5:30

అక్కగారి బాధ అర్థమైంది. కాని, ముందే అన్నీ సరిగ్గా లెక్క వేసుకుని ఉంటే నేను హార్డ్‌వేరు షాపు పెట్టేవాణ్ణే కాదు. కొంచెం అతి నమ్మకం లేనిదే ఏ పనీ మొదలుకాదు. పిల్లల ధైర్యం తీసేయకండి.

కంచరపాలెం_అక్క | ఆదివారం, సాయంత్రం 6:10

గాజువాక_షాపు గారూ, మీరు షాపు పెట్టే రోజున ఇల్లు తాకట్టు పెట్టారా, లేక దాచుకున్న సొమ్ములో కొంత పెట్టారా? కొంతే పెట్టి ఉంటే, నష్టం రావచ్చని మీకు లోపల తెలుసు, తెలిసే దిగారు. దాన్ని నేను ధైర్యం అంటాను. మా తమ్ముడికి నష్టం వస్తుందన్న ఊహే లేదు. ఆ రెండింటినీ ఒకే మాటతో పిలవకండి.

జాలరిపేట_అబ్బాయి | ఆదివారం, రాత్రి 8:45

మా పేటలో పెరిగినవాళ్ళకు ఈ చర్చ అలల మీద కనిపిస్తుంది. ఆర్కే బీచ్‌లో కొట్టుకుపోయేవారిలో ఈత రానివారు ఉంటారు, ఈత వచ్చినవారూ ఉంటారు. కొలనులో యాభై మీటర్లు ఈదగలిగినవాడు తనకు ఈత వచ్చని అనుకోవడంలో తప్పు లేదు. అతని అంచనా కొలనుకు సరైనదే. ఆ అంచనాను సముద్రానికి తెచ్చుకోవడం దగ్గర ప్రాణం పోతోంది.

ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి వెళ్ళడానికి ఇసుక దిబ్బల మధ్య సందు వెతుక్కుంటుంది. ఆ సందులో నీరు లోపలికి గట్టిగా లాగుతుంది. అక్కడ అలలు విరగవు కాబట్టి, చూసేవారికి అదే అన్నిటికంటె ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది. ఈత వచ్చినవాడు అందులో పడగానే తన శక్తిని నమ్ముకుని ఒడ్డు వైపు నేరుగా ఈదుతాడు, అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈది ఆ పాయ దాటితే, అలలే అతన్ని బయటకు తెచ్చేవి. మా నాన్న వల బాగుచేసుకుంటూ, పర్యాటకులను చూసి "ఆ పక్క దిగకండి బాబూ, నీరు ఎనక్కి లాగేత్తాది" అని అరిచేవారు. చాలామంది "మాకు ఈత వచ్చు" అని జవాబిచ్చేవారు.

అందువల్ల, సాయంకాలం_బడి గారూ, ఆ అబ్బాయి 71 వేసినప్పుడు అతని మనసులో ఏ పరీక్ష ఉందో కనుక్కోండి. ఇంటి దగ్గర పుస్తకం పక్కన పెట్టుకుని చేసుకున్న అభ్యాసంలో అతనికి నిజంగానే 71 వస్తూ ఉండవచ్చు.

మధురవాడ_టెస్టర్ | సోమవారం, రాత్రి 10:20

నేను ఆ 55 వేసే అమ్మాయి గురించి రాస్తున్నాను, ఎందుకంటే పదేళ్ళ క్రితం నేను ఆమెనే. చర్చ అంతా ఎక్కువ అనుకునేవారి చుట్టూ తిరుగుతోంది; తక్కువ అనుకునేవారి నష్టం ఎవరికీ వినిపించదు, ఎందుకంటే వారు దరఖాస్తే పెట్టరు.

క్రూగర్, డన్నింగ్ అధ్యయనంలో ఈ సంగతి కూడా ఉంది. పై పావు భాగంలో ఉన్నవారు తమ స్థానాన్ని తక్కువగా చెప్పారు. తర్వాత వారికి తోటివారి జవాబు పత్రాలు చూపించినప్పుడు, తమ అంచనాను పైకి సవరించుకున్నారు. అంటే తమకు సులువుగా వచ్చినది అందరికీ అంతే సులువుగా వస్తుందని వారు అనుకుంటున్నారన్నమాట. ఇది గణాంకాల తిరుగుదలతో మాత్రమే జరిగేది కాదు. జాయిస్ అర్లింగర్, డన్నింగ్ 2003లో చేసిన మరొక అధ్యయనంలో, విజ్ఞానశాస్త్ర ప్రశ్నలకు అమ్మాయిలూ అబ్బాయిలూ దాదాపు సమానంగా జవాబులు రాశారు. అమ్మాయిలు మాత్రం తాము తక్కువ రాశామనుకున్నారు, ఆ తర్వాత పోటీలో పాల్గొంటారా అని అడిగితే ఎక్కువమంది వద్దన్నారు. వారు ఆ నిర్ణయం తీసుకున్నది మార్కులను బట్టి కాదు, తమ మీద తమకు అంతకుముందే ఉన్న అభిప్రాయాన్ని బట్టి.

నేను మా కంపెనీలో రెండేళ్ళు టీమ్ లీడ్ పదవికి పేరు ఇవ్వలేదు. ఒకరోజు మా మేనేజరు సెలవులో ఉండి, ముగ్గురి పరీక్షా నివేదికలు నన్ను సరిచూడమన్నారు. నేను ప్రతి బగ్‌కూ అది మళ్ళీ ఎలా వస్తుందో వరుసగా రాసేదాన్ని, అందరూ అలాగే రాస్తారని అనుకునేదాన్ని. ఆ ముగ్గురిలో ఇద్దరు "పనిచేయడం లేదు" అని మాత్రమే రాశారు. ఆ మధ్యాహ్నం వరకు నా పని ఎలాంటిదో నాకు తెలియదు. ఆ అమ్మాయికి ధైర్యం చెప్పకండి మాష్టారూ, పేర్లు తీసేసి తోటివారి పత్రాలు చూపించండి.

వార్డు_వైద్యుడు | మంగళవారం, ఉదయం 5:55

రాత్రి డ్యూటీ ముగించుకుని రాస్తున్నాను. మా వృత్తిలో ఈ లోపం గురించి 2006లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో డేవ్ డేవిస్, ఆయన సహచరులు ఒక సమీక్ష ప్రచురించారు. వైద్యులు తమ గురించి తాము చెప్పుకున్నదానికీ, బయటివారు కొలిచినదానికీ మధ్య ఇరవై పోలికలు చూస్తే, పదమూడింటిలో ఆ రెండింటికీ సంబంధం చాలా తక్కువగానో, అసలు లేకుండానో, తలకిందులుగానో ఉంది.

కారణం నాకు రోజూ కనిపిస్తుంది. నేను మందు రాసి పంపిన రోగి తిరిగి రాకపోతే, నయమైందని అనుకుంటాను. అతను నయమై రాలేదో, నయం కాక మరో ఆసుపత్రికి వెళ్ళాడో నాకు తెలిసే దారి లేదు. తిరిగి రానివారందరినీ నా గెలుపు ఖాతాలో వేసుకుంటూ పోతే, పదేళ్ళకు నేను గొప్ప వైద్యుణ్ణని నమ్మడం చాలా సహజం.

ఏడేళ్ళుగా కోటు జేబులో ఒక చిన్న డైరీ ఉంచుకుంటున్నాను. స్కాన్ రిపోర్టు రాకముందే, నా అనుమానం ఏమిటో, ఎంత శాతం నమ్మకమో రాస్తాను. రిపోర్టు వచ్చాక పక్కన టిక్కో, ఇంటూయో పెడతాను. అపెండిసైటిస్ విషయంలో నా అంచనాలు బాగానే ఉన్నాయి. ముసలివారి కడుపునొప్పి విషయంలో మాత్రం నేను అనుకున్నంత వైద్యుణ్ణి కానని మొదటి ఏడాదిలోనే ఆ డైరీ చెప్పింది. అప్పటినుంచి అరవై దాటినవారిని పంపేముందు పై డాక్టరును పిలుస్తున్నాను.

వాన_లెక్క | మంగళవారం, రాత్రి 9:00

వైద్యుడు గారి డైరీని చూస్తే నా ఉద్యోగం గుర్తొచ్చింది. నేను వాతావరణ పరిశీలనలో పనిచేసి రిటైరయ్యాను. వాన పడే అవకాశం 70 శాతం అని చెప్పిన రోజులన్నీ పోగుచేస్తే, వాటిలో పదింట ఏడు రోజులు వాన పడి ఉండాలి. అలా పడితే ఆ చెప్పేవాడి నమ్మకానికి తూకం ఉన్నట్టు లెక్క. అలన్ మర్ఫీ, రాబర్ట్ వింక్లర్ 1977లో అమెరికా వాతావరణ నిపుణుల వాన అంచనాలను పరిశీలించి, వారి శాతాలు వాస్తవానికి చాలా దగ్గరగా ఉన్నాయని చూపించారు. వారు ఇతరులకంటె వినయవంతులని కాదు. అంచనా అంకెలో చెబుతారు, మరునాటికి ఫలితం వస్తుంది, ఏళ్ళ తరబడి ఆ పనే చేస్తారు.

దీనికి గ్లెన్ బ్రయర్ 1950లో ఒక కొలత చెప్పారు. 0.9, అంటే 90 శాతం, నమ్మకంతో చెప్పినది జరగకపోతే ఆ 0.9ని దానితోనే హెచ్చించి 0.81 జరిమానా వేసుకోవాలి, 0.6 నమ్మకంతో చెప్పినది తప్పితే 0.36. నమ్మకం పెరిగినకొద్దీ తప్పుకు ధర గట్టిగా పెరుగుతుంది. మాష్టారు మొత్తం పత్రానికి ఒక్క గడి పెట్టేకన్నా, ప్రతి జవాబు పక్కన 50, 70, 90 అనే మూడింటిలో ఒకటి వేయించి చూస్తే మంచిదని నా సలహా.

అయితే తరచుగా రాని సంగతుల్లో ఈ సాధన కుదరదు. తుఫాను మన ఊరి మీదకు రాదని, అటు ఒడిశాకో ఇటు కాకినాడకో మళ్ళిపోతుందని మా వీధి పెద్దలు గట్టిగా చెప్పేవారు. వారి జ్ఞాపకంలో అది చాలాసార్లు నిజమైంది కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ముందురోజు సాయంత్రం వరకు హెచ్చరికలు వింటూనే, కారును చెట్టు కింద నుంచి తీయనివారు మా వీధిలోనే నలుగురు ఉన్నారు.

సాయంకాలం_బడి | బుధవారం, రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. అధ్యయనం చదివి వినిపించే ఆలోచన మానుకున్నాను. ప్రశ్నకు ఒక అంకె చొప్పున వేయించే పద్ధతి ఈ ఆదివారం నుంచి మొదలుపెడతాను. పత్రాలు ఇప్పటివరకు గురువారానికి ఇస్తున్నాను, ఇకపై అదే రాత్రి ఇస్తాను. ఏపీపీఎస్సీ గ్రూప్ పరీక్షల్లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు కాబట్టి, అతి నమ్మకం వల్ల ఎన్ని మార్కులు పోతున్నాయో కూడా పిల్లలకు చూపించవచ్చు.

గణాంకాల_మాష్టారు | గురువారం, ఉదయం 7:15

ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. నాలుగు ఐచ్ఛికాలు, తప్పుకు మూడో వంతు కోత. ఒక జవాబు సరైనదయ్యే అవకాశం నాలుగో వంతు దాటితే, సగటున రాయడమే లాభం. సగం నమ్మకం ఉన్న ప్రశ్నలు ఆరు రాస్తే మూడు సరిపోయి మూడు మార్కులు వస్తాయి, మూడు తప్పి ఒక మార్కు పోతుంది, రెండు మిగులుతాయి. 90 అనుకున్నవాడి అసలు సంఖ్య 50 అయినా, రాసినందువల్ల పరీక్ష గదిలో అతను నష్టపోలేదు. అక్కడ నష్టపోయేది సగం నమ్మకం ఉండి కూడా ఖాళీగా వదిలేసినవారు. మీ 55 అమ్మాయి ఎన్ని ప్రశ్నలు వదులుతోందో లెక్కపెట్టండి.

అతి నమ్మకం దెబ్బ పరీక్షకు ముందే పడుతుంది. వచ్చిందనుకున్న అధ్యాయాన్ని ఎవరూ మళ్ళీ తెరవరు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో, ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివింది, ఇంకొక గుంపు ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే నాలుగుసార్లు చదివినవారిదే పైచేయి. వారం తర్వాత వారికి 40 శాతం గుర్తుంది, రాసినవారికి 61 శాతం. బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పినది మాత్రం నాలుగుసార్లు చదివినవారే. చదివినకొద్దీ అక్షరాలు కంటికి పరిచయమవుతాయి. ఆ పరిచయాన్నే మనసు జ్ఞానమనుకుంటుంది.

సాయంకాలం_బడి | ఏడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 11:20

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, కొన్ని వారాలు చూసి రాద్దామనుకున్నాను.

గణాంకాల_మాష్టారు గారు చెప్పినట్టు ఒక వారం మార్కులతో భాగాలు చేసి, మరుసటి వారం తేడాలు లెక్కించాను. అడుగు భాగంలో తేడా చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. పోనిదంతా దాదాపుగా ఎకానమీలో ఉంది. అర్థమెటిక్‌లో లేదు. నాకు తోచిన కారణం ఇది: లెక్క తేలకపోతే కాగితం మీదే తెలిసిపోతుంది, ఎకానమీలో ఆ సౌకర్యం లేదు.

71 వేసిన అబ్బాయి పత్రాన్ని నిన్న పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఎకానమీలో అతను 90 వేసిన జవాబులు పదకొండు, సరైనవి అయిదు. తప్పిన ఆరింటిలో అయిదు ద్రవ్య విధానం అధ్యాయానివే. పుస్తకం తెచ్చి చూపించాడు. ఆ అధ్యాయంలో పసుపు రంగు గీత లేని వాక్యం లేదు, నాలుగుసార్లు చదివానన్నాడు. పుస్తకం మూసి, రిజర్వు బ్యాంకు రెపో రేటు పెంచితే ఏమవుతుందో నాకు చెప్పమన్నాను. బ్యాంకులకు అప్పు ఖరీదవుతుందన్నాడు, బ్యాంకులు వడ్డీ పెంచుతాయన్నాడు, మూడో వాక్యం దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు కిటికీ వైపు చూసి, "సార్, ఇది నాకు వచ్చనుకున్నాను" అన్నాడు. నేను ఏమీ అనలేదు. తర్వాత తానే ఒక తెల్ల కాగితం తీసి, మొదటి రెండు వాక్యాలు రాసుకుని, మూడోదాని చోట గీత గీసి ఖాళీ వదిలాడు. జాలరిపేట_అబ్బాయి గారు అడిగిన ప్రశ్న కూడా అడిగాను. ఇంటి దగ్గర పుస్తకం తెరిచి చేసిన మాదిరి పత్రాలలో అతనికి వచ్చేవి డెబ్బై పైనే.

ఆ అమ్మాయి వారం వారం పది నుంచి పద్నాలుగు ప్రశ్నలు ఖాళీగా వదులుతోంది. వాటికి కూడా అంకె వేసి, మార్కులకు లెక్కలేకుండా జవాబు గుర్తించమన్నాను. అన్నింటికీ 50 వేసింది. మూడు వారాలవి కలిపి దిద్దితే మూడింట రెండు వంతులు సరైనవే. మధురవాడ_టెస్టర్ గారి సలహా ప్రకారం పేర్లు తీసిన నాలుగు పత్రాలు ఆమెకు ఇచ్చి దిద్దమన్నాను. రెండో పత్రం దిద్దుతూ తలెత్తి, ఇది నిజంగా మన తరగతిలోదేనా అని అడిగింది.

ఈరోజు ఆమె నాలుగు ప్రశ్నలే వదిలింది. గడిలో 74 వేసింది, వచ్చినవి 86. ఆ అబ్బాయి గడిలో 52 వేశాడు, 47 వచ్చాయి. పత్రాలు రాత్రి ఎనిమిదిన్నరకే ఇచ్చేశాను. ఇద్దరూ చివరి బస్సు వరకు గదిలోనే ఉన్నారు. గణాంకాల_మాష్టారు గారికి ఏడు వారాల అంకెలు పేర్లు లేకుండా రేపు పంపుతాను, ఎకానమీ వరుసను వేరుగా పెడుతున్నాను.